మంత్రిగారి మీసమూ, పనివాళ్ల లెక్కా

వరదపురి రాజు కేశవవర్మకు ఒక ముచ్చట పుట్టింది. రాజ్యంలో ఏ మూల ఎందరు పనివాళ్లను తీసేశారో ప్రతినెలా నిండు సభలో తనకు వినిపించాలట. ఆ పని మంత్రి దండిభట్టు మీద పడింది.

ఆ నెల దండిభట్టు మీసం దువ్వుకుంటూ లేచాడు.

“ప్రభూ, ఉత్తరాన మగ్గాల శాలల్లో సామూహిక తొలగింపులు లేవు. తీరాన ఓడలు కట్టేచోట లేవు. దక్షిణాన ఇనుప కొలిముల్లో అసలే లేవు. పోయిన నెలా లేవు, ఈ నెల ఇంకా బాగుంది.”

లేనిది ఇంకా ఎలా తగ్గిందో రాజుకు అర్థం కాలేదు. వినడానికి మాత్రం హాయిగా ఉంది.

“అయితే పని పోయినవాళ్లకని పెట్టిన గంజి కేంద్రాలు ఇంకెందుకు? రేపటి నుంచి మూసేయండి.”

రాజు వెనక వింజామర వీస్తున్న తిప్పన చెయ్యి ఆగిపోయింది. మగ్గం పని పోయి, అతని బావమరిది మల్లన్న పెళ్లాం బిడ్డలతో వచ్చి ఇంట్లో దిగాడు. ఆ గంజే లేకపోతే అందరూ పస్తే.

“మన్నించాలి ప్రభూ. మా బావమరిదిని తీసేసిన సంగతి మంత్రిగారికి తెలిసినట్టు లేదు” అన్నాడు.

“తెలుసు” అన్నాడు దండిభట్టు విసుగ్గా. “ఒకేసారి యాభైమందిని పంపేస్తేనే సామూహిక తొలగింపు. తక్కువైతే లెక్కలోకి రాదు. అది శాస్త్రం.”

“అందుకేనా అయ్యా, మగ్గాల శాల షావుకారు పొద్దున నలభై తొమ్మిది మందిని పంపాడు? భోంచేసి, చెయ్యి కడుక్కొచ్చి ఇంకో నలభై తొమ్మిది మందిని పంపాడు.”

“రెండుసార్లూ యాభై కాలేదుగా.”

రాజు తల గోక్కున్నాడు. “శాస్త్రమంటే మరి శాస్త్రమేగా తిప్పనా.”

“చిత్తం. ఆ శాస్త్రం మహా బాగుంది ప్రభూ. తమరు సెలవిస్తే ఇక్కడే చేసి చూపిస్తాను.”

రాజుకు సరదా వేసింది. సరేనన్నాడు. తిప్పన వింజామర పక్కన పెట్టి, తిన్నగా మంత్రి ముందుకెళ్లి ఆయన మీసం కొస పట్టుకున్నాడు.

“ఏం చేస్తున్నావురా?”

“కదలకండయ్యా. నలభై తొమ్మిది వెంట్రుకలు పీకుతాను. కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ నలభై తొమ్మిది. సాయంత్రానికి మూతి నున్నగా అవుతుంది గానీ, తమరి మీసం మాత్రం పోయినట్టు కాదు.”

దండిభట్టు రెండు చేతులతో మీసం మూసుకున్నాడు.

“ప్రభూ, ఆపించండి. ఒక్క వెంట్రుక పోయినా పోయినట్టే.”

తిప్పన చెయ్యి తీసేసి వినయంగా వంగాడు.

“మా మల్లన్న కూడా అదే అంటున్నాడయ్యా.”

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా గొల్లుమంది. నవ్వు ఆగాక, గంజి కేంద్రాలు మూయొద్దనీ, మంత్రి స్వయంగా ఊరూరా తిరిగి ఒక్కొక్క మనిషినీ లెక్కపెట్టుకు రావాలనీ ఆజ్ఞ వేశాడు. తన భుజం మీది పట్టుశాలువా తీసి తిప్పనకు కప్పాడు.

సభ ముగిసేదాకా దండిభట్టు మీసం మీంచి చెయ్యి తీయలేదు.