గోరంత ఎడం

పేరయ్య సిద్ధాంతిగారికి ఒక అలవాటుండేది. గ్రహణం విడిచి, ఊరంతా స్నానాలు చేసి వంటల మీద పడ్డాక, ఆయన మాత్రం తడి పంచెతోనే కూర్చుని, తన లెక్కకూ ఆకాశంలో కనిపించినదానికీ ఎంత తేడా వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకునేవారు. ఏడు విఘడియలు ముందు, మూడు విఘడియలు వెనక, అలా. ఆ పుస్తకాన్ని దాచేవారు కాదు. అది చావిట్లో పీట మీద, వచ్చేపోయేవాళ్ళ కళ్ళ ఎదుటే పడి ఉండేది.

శిష్యుడు అచ్యుతానికి అనుమానం పుట్టింది ఆ పుస్తకం చూసే. వంశధార ఒడ్డున ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఉండి పంచాంగ గణితం నేర్చుకుంటున్నాడు. నేర్చిన మొదటి పాఠమే మధ్యమ సూర్యుడు. అంటే ఏడాది పొడుగునా ఒకే వేగంతో, తొందరా బద్ధకమూ లేకుండా నడిచే సూర్యుడు. అలాంటి సూర్యుడు ఆకాశంలో లేడు. ఉన్నవాడు కొన్నాళ్ళు వడిగానూ, కొన్నాళ్ళు మెల్లగానూ నడుస్తాడు. అయినా ముందు ఆ లేనివాణ్ణి లెక్కగట్టి, తర్వాత సంస్కారాలు చేసి, ఉన్నవాడి దగ్గరికి తీసుకురావాలి. అబద్ధంతో మొదలుపెట్టి దిద్దుకుంటూ పోయే విద్యలో దిద్దుబాట్లకు అంతెక్కడ? దేన్నైనా దేనికైనా అతికించవచ్చు కదా? అంత చేసినా ఈయనకు తేడాలు వస్తూనే ఉన్నాయి. ఆరేళ్ళ చదువూ గంగలో కలిసిందేమోనని అతనికి బెంగ పట్టుకుంది.

అదే సమయానికి పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ కొత్తగా పేరు తెచ్చుకుంటున్న సోమనాథ సిద్ధాంతిగారు అతన్ని తన దగ్గరికి వచ్చెయ్యమన్నారు. తన గణితంలో కల్పనలు లేవనీ, అంతా కంటితో చూసిందేననీ, వచ్చే ఏడు పంచాంగం మీద అచ్యుతం పేరు కూడా వేయిస్తాననీ రాశారు. అచ్యుతం మర్నాడు పొద్దుటికి బండి మాట్లాడుకున్నాడు. అడగకుండా వెళ్తే మనసు ఊరుకోదు కనక, భోజనాలయ్యాక గురువుగారి ముందు నిలబడ్డాడు.

"గురువుగారూ, లేని సూర్యుడని తెలిసి కూడా లెక్క వాడితోనే ఎందుకు మొదలుపెడతామండీ? ఇది మనల్ని మనం మోసం చేసుకోవడం కాదా?"

సిద్ధాంతిగారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. పెరట్లో వానకు కూలిన ప్రహరీ మళ్ళీ కడుతున్నారు, సాయంత్రం దాకా వెళ్ళి ఆ పని చూడమన్నారు. జవాబు తోచక మాట దాటేశారని అచ్యుతం తేల్చేసుకున్నాడు. అనుమానం పట్టినవాడికి ఎదుటివాడు మాట్లాడినా తప్పే, మాట్లాడకపోయినా తప్పే. అయినా ఆరేళ్ళు మాట విన్న అలవాటు పోలేదు గనక పెరట్లోకి నడిచాడు.

అక్కడ మేస్త్రీ అప్పలనరసయ్య, గోడ రెండు చివరలా ముందుగా కట్టుకున్న మూలల మధ్య దారం బిగించి ఉంచాడు. ఆ దారం వెంట అతని తమ్ముడు సన్నాసి ఇటుకలు పేరుస్తున్నాడు. అచ్యుతం ఊరికే నిలబడే రకం కాదు. వంగి, ఒక కన్ను మూసి దారాన్ని చూశాడు. నడిమికి వచ్చేసరికి అది కిందికి జారి ఉంది. దొంగ దొరికినంత సంబరపడి, దారమే తిన్నగా లేనప్పుడు గోడ తిన్నగా ఎలా వస్తుందని మేస్త్రీని నిలదీశాడు. మేస్త్రీ ఏమీ నొచ్చుకోలేదు. ఎంత బిగించినా దారం జారుతుందనీ, ఇంత పొడుగుకు అర అంగుళం జారుతుందని తనకు తెలుసుననీ, ఇటుక పెట్టేటప్పుడు ఆ అర అంగుళం కలుపుకుంటాననీ చెప్పాడు. అసలు జారని దారం ఎక్కడైనా అమ్ముతుంటే చెప్పమని నవ్వుతూ సున్నం గానుగ వైపు వెళ్ళిపోయాడు.

అతను తిరిగొచ్చేలోగా సన్నాసి మూడు వరసలు లేపాడు. ఆ పని చూసి అచ్యుతం ముచ్చటపడ్డాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి ఇటుకా దారాన్ని తాకుతూ ఉంది. గోడకూ దారానికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇదీ నిజాయితీ అంటే అనుకుని, సన్నాసిని మెచ్చుకున్నాడు కూడా.

అప్పలనరసయ్య వచ్చి ఒక్క చూపు చూశాడు. మొహం మాడిపోయింది. మూడు వరసలూ విప్పెయ్యమన్నాడు. పాపం సన్నాసి తెల్లబోయి నిలబడితే, వాడి తరఫున అచ్యుతమే వకాల్తా పుచ్చుకుని, దారానికి ఇంత చక్కగా అతికిన గోడలో తప్పేముందని అడిగాడు.

"అందుకే బాబూ నాకు అనుమానం," అన్నాడు మేస్త్రీ. "ఇటిక్కీ దారానికీ మద్దిన గోరంత ఎడం ఉండాల. ఎక్కడా ఎడం నేదంటే గోడ దారం మాట ఇంటన్నట్టు కాదు. దారమే గోడ మాట ఇంటన్నట్టు."

అంటూనే నడిమిన పై వరస ఇటుకలు ఒక్కొక్కటీ ఊడబెరికాడు. వాటి ఒత్తిడి పోగానే దారం రెండు వేళ్ళ మేర వెనక్కి వచ్చేసింది. తాకిన ప్రతి ఇటుకా దారాన్ని కాస్త కాస్త బయటికి నెట్టుకుంటూ పోయింది. గోడ పొట్ట ఉబ్బినా, దారం కూడా దానితోపాటే ఉబ్బింది గనక ఎవరి కంటికీ తెలియలేదు. సన్నాసి మిగతావి విప్పడానికి కూర్చున్నాడు.

అచ్యుతం ఇక అక్కడ నిలవలేదు. గబగబా లోపలికి వెళ్ళి, కట్టిన మూట విప్పి, సోమనాథ సిద్ధాంతిగారి ఉత్తరం తీశాడు. దాని వెనక ఒక పట్టిక ఉంది. గడిచిన పదకొండు గ్రహణాలకు ఆయన లెక్క చెప్పిన కాలం ఒక పక్క, కంటికి కనిపించిన కాలం మరో పక్క. రెంటికీ ఎక్కడా ఒక్క విఘడియ కూడా తేడా లేదు. అతన్ని ఆ పట్నానికి లాగింది నిజానికి ఆ పట్టికే. ఇన్నాళ్ళూ చూసి మురిసిపోయిన ఆ రెండు వరసల అంకెలూ ఇప్పుడు చూస్తుంటే భయం వేసింది.

పొద్దు వాలుతుండగా ఆ కాగితం తీసుకెళ్ళి గురువుగారి ముందు పెట్టాడు. ఎవరు రమ్మన్నారో, తను ఎప్పుడు బయల్దేరుతున్నాడో దాచకుండా చెప్పాడు. సిద్ధాంతిగారికి కోపం రాలేదు. వేలు పెట్టుకుని పదకొండు పంక్తులూ నిదానంగా చదివి, కాగితం మడిచి అతని చేతికిచ్చారు.

"వెళ్ళు నాయనా, వద్దనను. కాకపోతే ఈ పదకొండు గ్రహణాలకూ లెక్క మొదలుపెట్టిన సూర్యుడు ఒక్కడేనా, పదకొండుమందా అని ఆయన్ని అడుగు. ఒక్కడే అయితే, అక్కడే ఉండిపో."