దిండు పట్టిన నూకాలు

అనగనగనగా ఏరు మలుపు తిరిగే చోట ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక పద్ధతుండేది. అన్నప్రాసన నాడు బిడ్డ ముందర పుస్తకం, కత్తి, పువ్వు పెట్టి పాకమంటాం కదా, మనమైతే చూసి నవ్వుకుని, పాయసం తాగి ఊరుకుంటాం. వాళ్ళు ఊరుకోరు. ఆ వేళ ఏది పట్టుకుంటే జన్మంతా అదే. ఒసే సుభద్రా, నువ్వు మీ తాతయ్య మీసం పట్టుకున్నావు. ఆ ఊళ్ళో పుట్టుంటే నీ గతేమయ్యేదో ఆలోచించుకో.

పైగా ఇంకో మెలిక. పుట్టిన ఇంటి పని వదలకూడదు, పట్టిన వస్తువు వదలకూడదు. పడవ నడిపేవాళ్ళింట్లో పుట్టిన అప్పన్న గరిటె పట్టాడు. అంచేత పడవని గరిటెతో నడిపేవాడు. పెళ్ళికని ఎక్కినవాళ్ళు బారసాలకి దిగేవారు. వంటవాళ్ళింట్లో పుట్టిన గంగులు తెడ్డు పట్టాడు. అంచేత పులుసు తెడ్డుతో కలిపేవాడు. సగం పులుసు అతని నెత్తినే ఉండేది. ఊరి పెద్ద గంట పట్టాడు, మాట మాటకీ గంట కొట్టేవాడు. ఊ కొడుతున్నారా?

ఆ అప్పన్న కూతురు నూకాలు. అది పాకి పాకి దిండు పట్టుకుంది. ఇంకేముంది, దాని పని నిద్ర. పొద్దున్నే తండ్రి పడవలో పడుకోబెట్టేవాడు, సాయంత్రం లేపి అన్నం పెట్టేవాడు. పాపం దానికి నిద్రొస్తేగా! కళ్ళు మూసుకుని నీటి చప్పుడు వినేది. సుడెక్కడో, లోతెక్కడో దానికి చెవుల్లోనే తెలిసేది. దుప్పటి కింద చేతులు తెడ్డు వేస్తూనే ఉండేవి.

పన్నెండో ఏట, నేను పడవ నడుపుతానని అడిగింది. నాన్న నీవల్ల కాదన్నాడు. గంగులు నీవల్ల కాదన్నాడు. ఊరి పెద్ద గంట కొట్టి మరీ నీవల్ల కాదన్నాడు. ఇంతమంది చెప్పాక, నూకాలు కూడా నావల్ల కాదనుకుంది. దుప్పటి కింద చేతులు ఆగిపోయాయి. నాకు ఇక్కడే ఏడుపొస్తుంది.

ఓ వానాకాలం ఏరు పొంగింది. ఈ పూట ఒడ్డునే పడుకో తల్లీ అని కూతురికి చెప్పి, అప్పన్న గరిటె పుచ్చుకుని పడవెక్కాడు. నడియేట్లో పడవ సుడిలో చిక్కింది. అప్పన్న గరిటె ఆడిస్తున్నాడు, పడవ గిరగిరా తిరుగుతోంది. ఒడ్డున ఊరంతా చేరి, మునిగేవాణ్ణి కాపాడే పని ఎవరి అన్నప్రాసనలో పడిందని వెతుక్కుంటున్నారు.

నూకాలు దిండు కావిలించుకుని నిలబడింది. నావల్ల కాదు, నావల్ల కాదు అనుకుంటూనే తండ్రిని చూసింది. అప్పుడు దానికో సంగతి తట్టింది. నా పని నిద్ర కదా, అయితే ఇదంతా కలే అయ్యుండాలి, కలలో ఎవరైనా ఏదైనా చెయ్యొచ్చు! దిండు పారేసి, గంగులు చేతిలో తెడ్డు లాక్కుని, పులుసు కారుతుండగానే ఒడ్డునున్న చిన్న తాటిదోనె ఎక్కేసింది. కళ్ళు మూసుకుంది, నీటి చప్పుడు వింది, తెడ్డు వేసింది. పడవ తాడు దోనెకి కట్టి తండ్రిని ఒడ్డుకి లాక్కొచ్చింది.

తీరా చూసుకుంటే అరచేతుల్లో బొబ్బలు, మండుతున్నాయి. కలలో బొబ్బలు మండవు కదర్రా!

ఊరి పెద్ద ఏం తోచక గంట కొట్టాడు. నిద్రలో చేసింది లెక్కలోకి రాదన్నాడు. జనం ఒప్పుకోలేదు. సరే, ఊరందరికీ మళ్ళీ అన్నప్రాసన చేద్దామన్నాడు. పందిరేశారు. వస్తువులన్నీ పరిచారు. తెడ్డు మాత్రం అన్నిటికన్నా దూరంగా గోడకి ఆనించారు. ముసలీ ముతకా మోకాళ్ళ మీద పాకారు. అప్పన్న ఆనందంగా మళ్ళీ గరిటే పట్టుకున్నాడు, ఈసారి వంటింటి కోసం. గంగులు దిండు మీద వాలి గుర్రు పెట్టాడు, ఎన్నేళ్ళ అలసటో.

నూకాలు ఒక్కత్తే పాకలేదు.

"పెద్దయ్యా, అప్పుడు నాకు నడక రాదు, చేతికందిందే పట్టుకున్నాను. ఇప్పుడు కాళ్ళున్నాయి," అంది. నడుచుకుంటూ వెళ్ళి తెడ్డు తీసుకుంది.

అప్పన్న కళ్ళొత్తుకుని, "ఆ దిండు నేనే పెట్టానమ్మా, పాకుతూ పాకుతూ పడితే నీ తలకి దెబ్బ తగలకూడదని," అన్నాడు.

అంచేత పిల్లలకి అందేట్టు ఏం పెడుతున్నామో పెద్దవాళ్ళం చూసుకోవాలి. అందని దానికోసం మీరు లేచి నడవాలి. ఇప్పుడు కాదర్రా, పొద్దున్న. కథ కంచి రేవులో దిగిపోయింది, మనం దుప్పట్లో దూరదాం. ఆ దిండు ఇలా ఇవ్వు సుభద్రా, తల కిందికి మాత్రమే.