సగం ఊపిరితో గెలిచిన రాజకుమారుడు

దీన్ని నమ్మండి చూద్దాం. నమ్మలేరు, ఛాలెంజ్. కానీ జరిగింది జరిగినట్టే చెప్తా, మధ్యలో ఆపకండి.

ఎప్పుడో, మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టకముందు, మల్లెకోటకి ఒక రాజు ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దోడు రణమల్లుడు, నడిపోడు జయసింగుడు, చిన్నోడు శరభుడు. ముగ్గురూ కత్తి తిప్పుతారు, గుర్రం ఎక్కుతారు, పాడతారు కూడా. ఆ ఊళ్ళో పాట రాకపోతే రాజు కొడుకైనా లెక్కచెయ్యరు మరి. కాకపోతే ముగ్గురిదీ ఒకటే తీరు. భుజాలు చెవుల దాకా లేపి, మెడ నరాలు తాళ్ళలా ఉబ్బించి, ఒకటే అరుపు. కోట మీద పావురాలు లేచి పక్క ఊరికి పోయేవి.

మంత్రిగారి అమ్మాయి హేలావతి మాత్రం నిజంగా పాడేది. తెల్లారుతుంటే మేడ మీద తంబురా పట్టుకుని కింది స్థాయిలో మెల్లగా మొదలుపెడితే పాలవాళ్ళు కూడా పాలు పొయ్యడం ఆపేసేవాళ్ళు. శరభుడికి ఆమె అంటే ఇష్టం. ఆమెకీ అతనంటే ఇష్టమే. కానీ అతను పాడితే చెవులు మూసుకునేది.

ఇదిలా ఉంటే ఏడు సముద్రాల అవతల ఒక మాంత్రికుడు. వాడి పేరేదో పొడుగ్గా ఉంది, గొంతు బాలేదని అందరూ బొంగురు మాంత్రికుడు అనేవాళ్ళు. వాడికేమో మంచి గొంతు కావాలి. నేర్చుకోవచ్చుగా? బద్ధకం. ఒకరోజు గద్దలా ఎగిరొచ్చి హేలావతి గొంతు లాక్కున్నాడు. పాపం, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావట్లేదు. కళ్ళ నిండా నీళ్ళు, ఏడుపుకి కూడా చప్పుడు లేదు.

వాడు పోతూ పోతూ అన్నాడు: "వచ్చే పున్నమిలోగా ఎవడైనా నన్ను పాటలో ఓడిస్తే దీని గొంతు ఇచ్చేస్తా. ఓడినోడు రాయైపోతాడు. పున్నమి దాటిందా, గొంతు ఇక నాదే."

పెద్దోడు లేచాడు. "నా అంత గట్టిగా ఎవడు పాడతాడు?" అని ఓడెక్కాడు. దారిలో ఒక దీవిలో కప్ప పిలిచింది, "నాయనా, కాస్త ఆగు" అని. "పోవోయ్ బెకబెకా" అని పోయాడు. ఇంకో దీవిలో పాము పిలిచింది, పోయాడు. ఇంకో దీవిలో తుమ్మెద పిలిచింది, పోయాడు. మాంత్రికుడి ముందు నిలబడి, ఛాతీ పగిలేంత గాలి పీల్చి, ఒక్క అరుపు అరిచాడు. ఊపిరి టప్పున అయిపోయింది. రాయి.

నడిపోడు లేచాడు. వాడు తెలివైనోడు, మిరియాల పాలు తాగి మరీ వెళ్ళాడు. కప్ప పిలిస్తే ఆగలేదు, పాము పిలిస్తే ఆగలేదు, తుమ్మెద పిలిస్తే ఆగలేదు. పాలు మంచివే, అరుపు మాత్రం అదే. రాయి.

"నాన్నా, నేను వెళ్తా" అన్నాడు శరభుడు.

"నువ్వు కూడా రాయైపోతే ఈ రాజ్యం ఎవరికిరా?"

"హేలావతి అలా మూగగా కూర్చుంటే నాకు రాజ్యం ఎందుకు నాన్నా?"

రాజు ఓడ ఇచ్చి పంపించాడు.

రెండు సముద్రాలు దాటాక మొదటి దీవి. కప్ప పిలిచింది. శరభుడు ఆగాడు.

"ఎక్కడికి నాయనా?"

"పాడి గెలవడానికి తాతా."

"ఏదీ, ఒకసారి పాడు."

పాడాడు. కప్ప చెయ్యి అడ్డం పెట్టింది. "చాలు, చాలు! ఆ భుజాలెందుకు లేస్తున్నాయి? గాలి భుజాల్లో దాస్తావా? వెల్లకిలా పడుకో." పడుకున్నాడు. పొట్ట మీద ఒక కొబ్బరికాయ పెట్టింది. "పీల్చినప్పుడు కాయ లేవాలి, వదిలినప్పుడు దిగాలి. భుజం కదిలిందా, మళ్ళీ మొదటికి."

కాయ దొర్లిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ దొర్లింది. కాయ కోసం ఇసకలో పరిగెత్తీ పరిగెత్తీ సాయంత్రానికి విసుగొచ్చి ఊరికే పడుకున్నాడు. అప్పుడు కాయ దానంతటదే లేచింది, దిగింది. "అదిరా!" అంది కప్ప.

ఇంకో రెండు సముద్రాలు దాటాక రెండో దీవి. పాము ఒక దీపం వెలిగించి ముందు పెట్టింది. "నాలాగా స్స్స్ అని వదులు. మంట వంగాలి. ఊగకూడదు, ఆరకూడదు."

శరభుడు నిండా పీల్చి వదిలాడు. ఫట్. దీపం ఆరింది.

"అంత ఎందుకు పీల్చావు?"

"ఎక్కువుంటే ఎక్కువసేపు వస్తుందిగా అత్తా?"

"ఎక్కువుంటే తొయ్యడం మొదలుపెడుతుంది. ఆపలేవు. సగం పీల్చు, సన్నగా వదులు."

సగం పీల్చాడు. స్స్స్. మంట వంగింది, అలాగే ఉంది. పాముకి నిద్రొచ్చేంత సేపు అలాగే ఉంది.

ఇంకో రెండు సముద్రాలు. మూడో దీవిలో తుమ్మెద.

"నోరు మూసి పాడు" అంది.

"నోరు మూస్తే పాటెలా వస్తుంది?"

"నాకెలా వస్తోంది? మ్మ్మ్ అను. పెదాలకి చక్కిలిగింత పుట్టాలి, ముక్కు మీద వేలు పెడితే వణకాలి. గొంతులో నొప్పి పుడితే ఆపెయ్. గొంతుని ఎప్పుడూ బలవంతపెట్టకు."

మ్మ్మ్ అన్నాడు. పెదాలు జివ్వుమన్నాయి. ఆ జివ్వు పోకుండా మెల్లగా నోరు తెరిచాడు. "ఆ..." మొట్టమొదటిసారి శరభుడు పాడితే పక్షులు ఎగిరిపోలేదు.

అప్పుడు తుమ్మెద దగ్గరికొచ్చి చెప్పింది. "వాడి ప్రాణం బంగారు పంజరంలో చిలకలో ఉంది. హేలావతి గొంతు కూడా అందులోనే. రెండూ ఒకే ముడి, ఒకటి జారితే రెండోదీ జారుతుంది. వాడి ఊపిరే చిలక ఊపిరి. చిలకని ముట్టుకోకు, రాయైపోతావు. పాటతోనే ఓడించు."

"అంత మంచి గొంతుని నేనెలా ఓడిస్తా?"

"వాడు గొంతు దొంగిలించాడు బాబూ, ఊపిరి కాదు."

ఏడో సముద్రం దాటాడు. నల్ల కోట. గుమ్మానికి అటూ ఇటూ అన్నలిద్దరూ, రాళ్ళు. లోపల మాంత్రికుడు, పంజరం.

"ఒకటే ఊపిరి, ఒకటే స్వరం. ముందు ఆపినోడు ఓడినట్టు" అన్నాడు మాంత్రికుడు.

శరభుడు సగం పీల్చాడు. భుజం కదల్లేదు.

"అంతేనా? చీమ కూడా ఇంతకంటే పీలుస్తుంది!"

"నాకు ఇంతే వచ్చు మామా. నువ్వు పీల్చుకో. అబ్బో, ఇంకొంచెం పట్టేలా ఉందే!"

పొగిడితే వాడు ఆగుతాడా? పీల్చాడు, పీల్చాడు, భుజాలు చెవులకి తగిలాయి. పంజరంలో చిలక గుమ్మడికాయలా ఉబ్బింది. ఇద్దరూ మొదలుపెట్టారు.

చిలక నోట్లోంచి హేలావతి గొంతు వచ్చింది. అచ్చం ఆమె గొంతే. అది వినగానే శరభుడికి గుండె ఆగినంత పనైంది. ఊపిరి అంతా ఒక్కసారి బయటికి దూకబోయింది. అయిపోయింది అనుకున్నాడు. కానీ పొట్ట వదులు చేశాడు, గొంతుని బలవంతపెట్టలేదు, పెదాల మీద జివ్వు ఒక్కటే పట్టుకున్నాడు. స్వరం నిలబడింది.

మాంత్రికుడి గాలి మాత్రం తోసుకొచ్చేస్తోంది. ముందు పెద్దగా, తర్వాత వణుకుతూ, తర్వాత బొంగురుగా. మొహం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. శరభుడి స్వరం అలాగే ఉంది. ఇక తట్టుకోలేక వాడు "హా!" అని నోరు తెరిచాడు. చిలక కూడా తెరిచింది. గొంతు జారి బయటికి ఎగిరింది, దాంతోపాటే వాడి ప్రాణం. ఖాళీ గోనెసంచిలా కింద పడ్డాడు. చిలక మామూలు చిలకై కిటికీలోంచి పోయింది.

గుమ్మం దగ్గర అన్నలు ఒళ్ళు విరుచుకున్నారు. "ఏరా, బాగా గట్టిగా పాడావా?" అన్నాడు పెద్దోడు.

"లేదన్నయ్యా, మెల్లగా."

"మెల్లగానా! అది పాటెలా అవుతుంది?"

పున్నమికి ముందే మల్లెకోట చేరారు. గొంతు ఆమెలోకి వెళ్ళిపోయింది. ఊరంతా చుట్టూ నిలబడింది. హేలావతి నోరు తెరిచింది. కీచుమంది, అంతే. ఇన్నాళ్ళ భయం కదా, గొంతు బిగుసుకుపోయింది. చెయ్యి గొంతు మీద పెట్టుకుని శరభుడి వైపు చూసింది.

"పాడకు" అన్నాడు శరభుడు. "నోరు మూసి మ్మ్మ్ అను, చాలు. నేనూ అంటా."

ఇద్దరూ కూర్చుని మ్మ్మ్ అన్నారు. ఆమె భుజాలు దిగాయి. పెదాలు వణికాయి. మెల్లగా నోరు తెరిచింది, "ఆ..." అంతే, పాలవాళ్ళు పాలు పొయ్యడం ఆపేశారు.

పాడటం అయ్యాక మొదటి మాట అంది: "నువ్విప్పుడు పాడు. చెవులు మూసుకోనులే."

పాడాడు. మూసుకోలేదు. ఆ వారమే పెళ్ళి. తర్వాత చాలా ఏళ్ళు ఇద్దరూ కలిసి రాజ్యం ఏలారు. అన్నలిద్దరికీ కూడా కొబ్బరికాయలు పెట్టి నేర్పించారు, పెద్దోడైతే మొదటిరోజే కాయ కొట్టుకుని తినేసి ఏం చేశాడంటే... ఆగండి, అమ్మ పిలుస్తోంది, కింద గ్యాస్ బండ వచ్చిందంట. వస్తున్నానమ్మా!