మూడో గంట కొట్టని దీనమ్మ

ఇటు జరుగు షారూ. దుప్పటంతా నువ్వే లాక్కుంటే నేనేం కప్పుకోను? ఆఁ, అట్లా. కళ్ళు మూసుకో, చెవులు మాత్రం తెరిచి ఉంచు. మధ్యలో ఊఁ కొట్టకపోతే కథ ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా ఏటిపాలెం అనే ఊళ్ళో ఒక చర్చి. ఆ చర్చికి ఒక గంట. ఆ గంటకి ఒక తాడు. ఆ తాడుకి ఒక దీనమ్మ.

నవ్వకు. దీనమ్మ లేకపోతే ఆ తాడు లాగే దిక్కే లేదు మరి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మనిషి చూస్తే ఇంతే, నీ భుజం దాకా వచ్చేది. తాడు పట్టుకుని లాగితే మాత్రం కాలవ అవతల ఊరికి కూడా వినబడేది.

ఆ ఊళ్ళో క్రిస్మస్ పొద్దున మూడు గంటలు కొట్టేవాళ్ళు. మొదటి గంటకి అందరూ లేవాలి. రెండో గంటకి తలంటుకుని కొత్తబట్టలు కట్టుకోవాలి. మూడో గంటకి గుడికి రావాలి. మూడో గంట మోగందే అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టరు, ఎవరూ పాట ఎత్తుకోరు. వాళ్ళ తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. కోతలయ్యాక ప్రతి ఇంటివాళ్ళూ కొత్త పంటలో మొదటి పన తెచ్చి గుడి ముందు కుప్ప వేసేవాళ్ళు. పన అంటే తెలీదా? కోసిన వరిని గడ్డితో, కంకులతో కలిపి కట్టిన కట్ట. పండగయ్యాక ఆ కుప్ప నూర్చి, వచ్చిన గింజలు ఊళ్ళో దిక్కులేని ముసలమ్మలకి పంచేవాళ్ళు. దీనమ్మ ఏడాదంతా తినేది ఆ గింజలే.

ఆ కుప్పకి కాపలా పెద్దయ్య. సంఘానికి పెద్ద ఆయన. చెడ్డవాడు కాదమ్మా. ముసలమ్మల గింజ ఒక్కటి పోయినా ప్రాణం పోయినట్టు ఉండేది ఆయనకి. కానీ ఆయన దగ్గర కోపం ముందు వచ్చేది, అడగడం తర్వాత.

ఆ ఏడు కోతలవ్వగానే నెల్లూరు వైపు నుంచి పెంచలయ్య, రవణమ్మ అని మొగుడూ పెళ్ళాం వచ్చారు. వాళ్ళకి మూడొందల బాతులు. కోసిన పొలాల్లో రాలిన గింజలు మేపుకుంటూ ఊరూరా తిరుగుతారు. పొలంలోనే పట్టా కప్పుకుని పడుకుంటారు. గొర్రెల కాపరులు ఎట్లాగో వీళ్ళు బాతుల కాపరులు.

క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం. ఇంటింటికీ సున్నాలు వేశారు, వెదురు గడలకి నక్షత్రాలు కట్టారు. గుళ్ళో యేసుబాబు తొట్టి కూడా సిద్ధం. పిల్లలు దాని నిండా మెత్తగా పరిచి, పైన తెల్లదుప్పటి కప్పి, బొమ్మని పడుకోబెట్టారు. అప్పుడు పెద్దయ్య కుప్ప దగ్గరికి వచ్చి చూస్తే ఏముంది? కుప్ప తగ్గింది. లెక్కపెట్టాడు. పన్నెండు పనలు లేవు! కింద బురదలో చూస్తే బాతుల అడుగులు.

ఇంకేం, ఆయనకి ఒళ్ళు మండిపోయింది. పాలేళ్ళని పిలిచి మూడొందల బాతుల్నీ తోలించుకొచ్చి తన పశువుల కొట్టంలో పెట్టి తాళం వేశాడు.

"అయ్యా, మా బాతులు ఈ కుప్ప ముట్టుకోలేదయ్యా," అని పెంచలయ్య కాళ్ళ మీద పడ్డాడు. "కాలవకి పోతా ఇట్టా దాటినయ్యి, అంతే. నీళ్ళు లేకపోతే అవి బతకవయ్యా."

"పండగయ్యాక పంచాయితీలో చూద్దాం," అన్నాడు పెద్దయ్య.

ఆ తర్వాత రవణమ్మ కొట్టం తలుపు దగ్గర కూలబడిపోయింది. లోపల బాతులు ఒకటే అరుపు. ఆ అరుపు దీనమ్మ చెవిన పడింది.

అప్పుడు దీనమ్మ ఏం చేసిందంటావు? ముందు పెద్దయ్య దగ్గరికి వెళ్ళింది.

"వాళ్ళని అడిగారా పెద్దయ్యా? ఎవరైనా కళ్ళతో చూశారా?"

"పోయింది నీ తిండిగింజలే కదే! నీ కోసమే కదా నేను చూసేది. నువ్వే వాళ్ళని వెనకేసుకొస్తావేంటి?"

"నా గింజలు కాబట్టే అడుగుతున్నా. నా పేరు చెప్పి ఒకళ్ళ పొట్ట కొట్టొద్దు," అంది దీనమ్మ. ఆయన వినలేదు.

ఆ తర్వాత అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. అయ్యగారు మెత్తనివాడు, పాపం. "నువ్వన్నది న్యాయమే దీనమ్మా. కానీ రేపు పండగ. ఇప్పుడు గొడవెందుకు? ఎల్లుండి నేనే మాట్లాడతాను," అన్నాడు.

"ఎల్లుండికి బాతులుండవు అయ్యగారూ," అంది దీనమ్మ. 

ఆ తర్వాత మూడోసారి కొట్టం దగ్గరికే వెళ్ళింది. తలుపు కింద జానెడు సందు. బిందెతో నీళ్ళు తెచ్చి ఆ సందులోంచి పోసింది. పదిహేను బిందెలు మోసింది ముసలిది! ముందరున్నవి తాగాయి. వెనకున్న వాటికి అందలేదు. అప్పుడు ఆమె నడుం పట్టుకుని నిలబడి రవణమ్మతో చెప్పింది: "రేపు మీ బాతులు బయటికి వస్తాయమ్మా. నేను మాటిస్తున్నాను."

ఎట్లా వస్తాయో ఆమెకీ తెలీదు. మాట మాత్రం ఇచ్చేసింది.

తెల్లవారింది. దీనమ్మ మొదటి గంట కొట్టింది. ఊరంతా లేచింది. పొద్దెక్కాక రెండో గంట కొట్టింది. ఊరంతా తలంటుకుంది, కొత్తబట్టలు కట్టుకుంది. పొయ్యిల మీద పలావులు ఉడుకుతున్నాయి.

ఆ తర్వాత మూడో గంట... మోగలేదు.

జనం వచ్చి గుడి ముందు నిలబడ్డారు. ఎండెక్కింది. చంటిపిల్లలు ఏడుపులు మొదలుపెట్టారు. చూస్తే దీనమ్మ గంట కింద మెట్టు మీద కూర్చుని ఉంది. తాడు చేతికి మూడు చుట్లు చుట్టుకుంది.

పెద్దయ్య వచ్చాడు. "ఏంటే ఆలస్యం? గంట కొట్టు."

"కొట్టను."

జనమంతా నోళ్ళు తెరిచారు. పెద్దయ్యకి ఎదురు చెప్పిన మనిషిని ఆ ఊళ్ళో అంతవరకు ఎవరూ చూళ్ళేదు.

"మూడో గంట అంటే అందరూ రండని పిలవడం పెద్దయ్యా," అంది దీనమ్మ. "ఇద్దరు మనుషుల్ని అక్కడ ఏడుస్తూ కూర్చోబెట్టి, నేనిక్కడ అందరూ రండని ఏ నోటితో పిలవను? అబద్ధం గంట నా చేత్తో కొట్టను."

"నువ్వు కాకపోతే ఇంకొకళ్ళు కొడతారు!"

దీనమ్మ చేతికున్న తాడు విప్పింది. ఆయన చేతికిచ్చింది. "మీరే కొట్టండి. కొట్టే ముందు ఒక్కటి చెప్పండి. పన్నెండు పనలు పోయాయి. గింజలు బాతులు తిన్నాయి, సరే. గడ్డేదీ? బాతులు గడ్డి తింటాయా?"

పెద్దయ్య తాడు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. లాగలేదు.

ఇప్పుడు వినవే షారూ, అసలు సంగతి ఇక్కడుంది. ఆ గుంపులో రెండు జడలు వేసుకున్న పిల్ల ఒకత్తి ఉంది. తొమ్మిదేళ్ళది. పెద్దయ్య కూతురే. కొత్త గౌను వేసుకుంది గానీ అందరి వెనకా నక్కి నిలబడింది. ఎందుకంటే గడ్డి ఏమైందో ఆ పిల్లకి తెలుసు. మొన్నటి నుంచీ తెలుసు. నిన్న సాయంత్రం అన్నం సయించలేదు దానికి.

మొన్న పెద్దయ్యే ఆ పిల్లనీ, దాని జట్టు పిల్లల్నీ పిలిచి, "తొట్టిలో గడ్డి పరవండర్రా," అన్నాడు. గడ్డివాము దగ్గరికి వెళ్తే వానకి తడిసి నల్లబడ్డ పాత గడ్డి ఉంది. యేసుబాబుకి కంపుగడ్డి ఏంటి, బంగారంలాంటి కొత్త పనలు ఎదురుగా ఉంటే, అనుకున్నారు. పన్నెండు మోసుకెళ్ళి తొట్టిలో కుక్కి, పైన దుప్పటి కప్పేశారు.

చెబితే నాన్న చంపేస్తాడు. చెప్పకపోతే బాతులు చచ్చిపోతాయి. ఆ పిల్ల దీనమ్మ వంక చూసింది. దీనమ్మ ఎవరికీ భయపడకుండా నిలబడి ఉంది, ఇంతే ఉన్న మనిషి.

అప్పుడు ఆ పిల్ల గుళ్ళోకి పరిగెత్తింది. బొమ్మని చంకనేసుకుని, దుప్పటి పట్టి లాగింది. "నాన్నా! పనలు ఇక్కడున్నాయి! మేమే పెట్టాం!" అని గట్టిగా ఏడ్చేసింది.

అందరూ చూశారు. తొట్టి నిండా కంకులు. ఒక్క గింజ కూడా ఎవరూ తినలేదు.

 పెద్దయ్య కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు. తలమీద చెయ్యి వేసి, తాళంచెవి తీసుకుని నేరుగా కొట్టం దగ్గరికి నడిచాడు. తలుపు తీశాడు. బాతులు ఒకదాని మీద ఒకటి పడుతూ బయటికి వచ్చాయి. మూడు మాత్రం లేవలేదు.

"తప్పు నాదే పెంచలయ్యా. నిన్ను అడక్కుండానే దొంగని చేశాను. క్షమించు," అని పెద్దయ్య చేతులు జోడించాడు.

పెంచలయ్య ఆయన మొహం కూడా చూళ్ళేదు. "ముందు నీళ్ళు పెట్టండయ్యా," అన్నాడు.

అప్పుడు పెద్దయ్య బిందె ఎత్తాడు. తెల్లటి కొత్త పంచె మోకాళ్ళ దాకా బురద. ఆయన వెనక అయ్యగారు. వాళ్ళ వెనక ఊరంతా. కొత్త చీరలు, కొత్త గౌన్లు, అన్నీ బురదే. ఆ ఏడు ఆ ఊళ్ళో ఉతకని కొత్తబట్ట ఒక్కటి మిగల్లేదనుకో.

మధ్యాహ్నం ఊరంతా కలిసి తినే ప్రేమవిందులో మొదటి విస్తరి రవణమ్మకి వేశారు. ఆమె తింది, పెంచలయ్య తిన్నాడు. అయినా పెద్దయ్యతో మాట్లాడలేదు. మాట్లాడక్కర్లేదు కూడా. క్షమించమని అడగడం మన పని, క్షమించడం వాళ్ళ ఇష్టం. మరుసటి ఏడు పెద్దయ్య చచ్చిపోయిన వాటికి బదులుగా మూడు బాతుల్ని కాలవలో పెంచుతూ గట్టు మీద ఎదురుచూశాడు. వాళ్ళు రాలేదు. ఆ తర్వాత ఏడూ రాలేదు. మూడో ఏడు వచ్చారు. పెద్దయ్య ఆ మూడు బాతుల్నీ తీసుకెళ్ళి మందలో వదిలాడు. అప్పుడు పెంచలయ్య ఆయన మొహం చూశాడు.

మూడో గంట సంగతా? విందు కన్నా ముందే మోగింది. బాతులన్నీ నీళ్ళు తాగాక దీనమ్మ రెండు జడల పిల్లని పిలిచింది. "రావే, ఇప్పుడిది నిజం గంట. నువ్వే కొట్టు," అని తాడు చేతికిచ్చింది. పిల్ల లాగితే అది కదిలితేనా! దీనమ్మ వెనక నిలబడి చెయ్యి కలిపింది. అప్పుడు మోగింది చూడు... కాలవ అవతలి ఊరు కూడా ఉలిక్కిపడింది.

ఏదీ, నా అరచెయ్యి పట్టుకుని చూడు. ఇక్కడ, వేళ్ళ కింద. తాడు ఒరుసుకున్న చోటు. ఇప్పుడు మచ్చ కనబడదులే. నాకు మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

అవునే, నేనే! ఆ పెద్దయ్య మా నాన్న. మీ ముత్తాత.

అప్పట్నుంచీ మన ఊళ్ళో ఒక కొత్త పద్ధతి వచ్చింది. మూడో గంటకి ముందు ఒక ఇంటివాళ్ళు ఊరు, పొలం గట్లు చుట్టి రావాలి. ఎవరైనా ఆకలితో ఉన్నారా, ఎవరైనా ఏడుస్తున్నారా, ఎవరినైనా బయట పెట్టేశామా అని చూడాలి. వాళ్ళొచ్చి "అందరూ ఉన్నారు" అని చెబితేనే గంట. లేకపోతే ఎంత ఎండెక్కినా సరే, గంట లేదు.

రేపు ఆ వంతు మన ఇంటిది షారూ. నా మోకాళ్ళు గట్ల దాకా రావు. నడిచేది నువ్వే, చూసేది నువ్వే, వచ్చి చెప్పేది నువ్వే. మొహమాటపడి అబద్ధం చెప్పావో, తాడు దగ్గర నేనే కూర్చుంటాను. పడుకో ఇక.

బాతులేమో కాలవకి,
పనలేమో నూర్పుకి,
కథ వెళ్ళింది కంచికి,
షారూ కళ్ళు నిద్దరకి,
పొద్దున లేచి గట్టుకి,
అందరొస్తేనే గుడికి!