గంట కట్టని గాడిదలు

కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, వాగులు ఎటు పారాలో తేల్చుకోని రోజుల్లో, సుంకులక్క అని ఒకావిడ ఉండేది. ఆమెకో గుడిసె, గుడిసె ముందు వాకిలి, వాకిట్లో ముత్యం అనే గాడిద. ముత్యం మెడలో గంట మోగితే మూడు ఊళ్ళకి వినపడేది. కాదు, ముప్పై ఊళ్ళకి. నేనే తగ్గించి చెబుతున్నాను.

సుంకులక్క బతుకు గాడిదపాలు. ఉగ్గుగిన్నెడు పోస్తే గుప్పెడు కొర్రలు పెట్టేవాళ్ళు.

ఒక ఏడు ఆ ఊరికి కోరింత దగ్గు వచ్చింది. మొదటి వారం మామూలు పడిశమే అనుకున్నారు. ఆ తర్వాత అసలుది మొదలైంది. ఊపిరి పీల్చే సందు లేకుండా తెరలు తెరలుగా దగ్గడం, చివర కోడిపుంజు కూసినట్టు గాలి లోపలికి లాగడం, తిన్నదంతా కక్కేయడం. ఆ దగ్గుకి చెట్ల మీది గబ్బిలాలు రాలిపడ్డాయి.

గాడిదపాలు దగ్గుకి మందని ఊరంతా సుంకులక్క వాకిటికి పరిగెత్తింది. దగ్గే పిల్లలు వచ్చారు. దగ్గు రాకూడదని దగ్గని పిల్లలూ వచ్చారు. తల్లుల ఒళ్ళో పసిగుడ్లూ వచ్చారు. ఒకరి మీద ఒకరు దగ్గుతూ వరసలో నిలబడ్డారు. ముత్యం కాలు నిలవక గుంజ చుట్టూ తిరిగింది. సుంకులక్క కూర్చోలేదు. పితికింది, పోసింది, మళ్ళీ పితికింది.

పదిహేను రోజులకి నేతపని ఓబులమ్మ నెలబిడ్డని ఎత్తుకొచ్చింది.

"దగ్గు రాకూడదని ఆ పొద్దు నీ పాలు తాపిస్తి గదక్కా. ఇది దగ్గేది లేదు, కూసేది లేదు. ఊపిరి ఆపి నీలంగా అయిపోతాంది."

సుంకులక్క బిడ్డని పక్కకి తిప్పి, నోట్లో జిగట తుడిచి, వీపు రుద్దింది. ఒకసారి రుద్దింది, కదల్లేదు. రెండోసారి రుద్దింది, కదల్లేదు. మూడోసారికి బిడ్డ పిల్లికూనలా మూలిగింది.

"ఇంత పసిదాన్ని యాడ తిప్పినావే?"

"యాడికి పోతానక్కా, నీ వాకిలికి తప్ప."

సుంకులక్క పాల చెంబు బోర్లించింది. ముందు బండి కట్టించి ఓబులమ్మని పేటలో వైద్యుడి దగ్గరికి పంపింది. తర్వాత వరస కేసి తిరిగింది.

"నా పాలు దగ్గుని ఆపలేదు. నా వాకిలే దగ్గుని పంచింది. ఎవరిళ్ళకి వాళ్ళు పోండి."

"పాలు పక్కూరికి పోసుకోవాలనా ఏంది?" అన్నాడొకడు.

"గాడిదతో ఉండీ ఉండీ దీనికీ మొండితనం పట్టింది," అంది ఇంకొకావిడ.

సుంకులక్క కూర్చోలేదు. ముత్యం మెడలో గంట విప్పి, దగ్గు ఉన్న మొదటి ఇంటి గుమ్మానికి కట్టింది. ఒక్క గంట ఏం చాలుతుంది? పాలు పితికే ఇత్తడి చెంబుని కంచరి చేత కరిగించింది. ఒక్క చెంబుకి నూట ఎనిమిది గంటలు వచ్చాయి. ఎట్లా అని అడిగేవాళ్ళకి నేను కథ చెప్పను.

"గంట కట్టిన ఇంట్లోకి చంటిబిడ్డని తీసుకుపోవద్దు," అని ఊరంతా చాటింది. ప్రతి ఇంటి ముందూ నిలబడి చెప్పింది. "కక్కినాక మళ్ళీ రెండు గుక్కలు గంజి పట్టండి. పొయ్యి పొగలో ఉంచొద్దు. దగ్గు తెర వస్తే నిటారుగా కూర్చోబెట్టండి. నీలంగా అయితే ఎవర్నీ అడగొద్దు, బండి కట్టండి."

దగ్గు నూరు రోజులు ఉంది. చెంబు లేదు, పాలు లేవు, కొర్రలు లేవు. నూరు రోజులూ సుంకులక్క కూర్చోలేదు. నూటొకటో రోజు చివరి గంట విప్పింది. అది ఓబులమ్మ ఇంటిది. లోపల బిడ్డ బోర్లాపడి నవ్వుతోంది. అది చూసి సుంకులక్క ఆ గడప మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో గాడిదకి గంట కట్టరు. ఏ గుమ్మంలోనైనా గంట వినపడితే చంటిబిడ్డ తల్లి దారి మీదే ఆగి, "దగ్గు మొదలై ఎన్నాళ్ళైంది వదినా?" అని కేకేస్తుంది. నెలన్నర బిడ్డకి నర్సమ్మ దగ్గు రాకుండా సూది వేస్తుందా, ఆ ఏడుపు ఆగకముందే అవ్వలు గడప కేసి చూసి ఒక మాట అంటారు.

"ఇంక కూర్చో సుంకులక్కా."