గౌరీసు పసుపు చీర

బోడిమెట్టలో సూరమ్మ ఇంటివాళ్ళకి ఒకటే గర్వం. "ఎవరైనా ఒక మాట చెబితే చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అందుకే మా బుర్రలు ఇంతవరకూ అరగలేదు" అనేవాళ్ళు. ఆ ఇంట్లో ఉన్నవి మూడు బుర్రలు: సూరమ్మది, కొడుకు అప్పన్నది, కోడలు గౌరీసుది. మూడూ కొత్తవాటిలాగే ఉన్నాయి.

ఆ ఏడు అమ్మవారి పండగకి ఘటం ఎత్తే వంతు గౌరీసుకి వచ్చింది. పసుపు నీళ్ళు నింపిన కుండ నెత్తిన పెట్టుకుని ఊరేగింపుకి ముందు నడవాలి. కట్టుకునే చీరకి ఇంట్లోనే పసుపు రంగు వేసుకోవాలి. చీర కుదరకపోతే వంతు పక్కింటికి పోతుంది. 'నన్ను వెర్రిదన్నవాళ్ళందరూ ఆ రోజు నా వెనకాలే నడవాలి' అని గౌరీసు ఎన్నాళ్ళుగానో ఆశ పెట్టుకుంది.

ఎదురింటి నీలమ్మ రంగు సంగతి చెప్పింది. "పసుపు కొమ్ములు దంచి, గుప్పెడు ఉప్పేసి మరిగించండి. తెల్లచీర అందులో నానేసి, నీడలో ఆరేయండి. సబ్బు మాత్రం తగలకూడదర్రా."

అంతే, పొయ్యి మీదకి డేగిసా ఎక్కింది. సూరమ్మ ఉప్పు చూసి, చాల్లేదని ఇంకాస్త వేసి, పోపు గరిటె తీసింది. గౌరీసు అడ్డుపడింది. "పోపు సంగతి నీలమ్మ పిన్నమ్మ చెప్పలేదు కదత్తా!"

"నిజమేనే, నా తల్లే" అని సూరమ్మ మురిసిపోయింది.

చీర బంగారంలా తేలింది. మొగుడూ పెళ్ళాం చెరో కొసా పట్టుకుని పెరటి నీడలో నిలబడ్డారు. పొద్దెక్కింది. నీడ మెల్లగా గోడ కిందికి దూరిపోయింది.

"మావా, నీడ పారిపోతోంది! ఇంట్లో ఆరేద్దామా?"

"ఇంట్లో ఉండేది చీకటే, నీడ కాదు."

అప్పుడే వాళ్ళ గేదె మేతకి బయల్దేరింది. దాని పక్కన ఇంత నీడ! ఇంకేముంది, చీర పట్టుకుని గేదె వెంట నడిచారు. అది మేస్తే ఆగారు. అది తోక ఊపితే వంగారు. చివరికి గేదె బురదగుంటలో దిగింది.

"మనమూ దిగాలా మావా?"

"నీడ అక్కడే ఉంది కదే మరి!"

దిగారు.

బురద చీర చూసి సూరమ్మ నెత్తి కొట్టుకుంది. "ఉతకాలి. సబ్బు తగలకూడదు. అంతే కదా?" అని సబ్బుబిళ్ళ బకెట్లో వేసి, అరిగి అరిగి మాయమయ్యేదాకా కలిపింది. "చూడండి, ఇందులో సబ్బుందా? లేదు!" అని చీర ముంచింది.

చీర ఎర్రగా అయిపోయింది.

"ఓలమ్మో, రక్తం!" అని గౌరీసు బావురుమంది. "నా ఘటం పోయింది మావా!"

"గేదె కొమ్ము తగిలుంటుంది" అన్నాడు అప్పన్న. చీరని మంచం మీద పడుకోబెట్టారు. కొంగుకి కట్టు కట్టారు. ఇంత గంజి కూడా పట్టారు.

ఏడుపు విని నీలమ్మ పరిగెత్తుకొచ్చి, చూసి, నవ్వలేక కూలబడింది. "రక్తమూ కాదు, నెత్తురూ కాదు. పసుపుకి సబ్బు పడదర్రా, ఎర్రబడుతుంది. చింతపండు పులుసులో ముంచండి, రంగు తిరిగొస్తుంది."

ముంచారు. నిజంగానే వచ్చింది! గౌరీసుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "చీర ఎర్రబడితే పులుసు పొయ్యాలి" అని ముగ్గురూ ఆ మాట వల్లె వేసుకున్నారు.

పండగ రోజు గౌరీసు నెత్తిన ఘటంతో, పసుపు చీరతో ముందు నడుస్తుంటే ఊరు ఊరంతా వెనకాల నడిచింది. పక్కన సూరమ్మ, చేతిలో పులుసు చెంబు. ఎందుకైనా మంచిదని.

వీధి మలుపులో సర్పంచి భార్య కనకరత్నం గారు హారతిపళ్ళెంతో ఎదురొచ్చింది. ఎర్రటి పట్టుచీర నిగనిగలాడుతోంది.

గౌరీసు గుండె కరిగిపోయింది. "అయ్యో, అత్తా! పాపం ఈవిడా సబ్బులో ముంచేసినట్టున్నారు!"

సూరమ్మ చెంబెడూ కుమ్మరించింది. హారతి చుయ్యిమని ఆరింది. చీర మాత్రం ఎర్రగానే ఉంది.

"పులుసు చాల్లేదే!"

"రంగు మరీ కారిపోయినట్టుందత్తా. కొత్తగా వెయ్యాల్సిందే" అని గౌరీసు నెత్తి మీది ఘటం దించి, పసుపు నీళ్ళన్నీ కనకరత్నం గారి మీద గుమ్మరించింది.

గౌరీసు ఖాళీ కుండ చంకన పెట్టుకుని, తృప్తిగా వెనక్కి తిరిగి చూసింది. ఊరేగింపులో ఎక్కడ చూసినా ఎర్రచీరలే.

"ఓలమ్మ, ఇంతమందికా!" అంది గౌరీసు. "మావా, పరిగెట్టి మన డేగిసా పట్రా!"