పాచి పట్టని గుంట

మొక్కజొన్న చేలకు దిగువన రెండు గుంటలున్నాయి. ఒకదాని నిండా పాచి, నత్తలు, కప్పలు, నీరుకట్టె పాములు. రెండోదాంట్లో అడుగున గులకరాయి కూడా కనిపించేంత తేట నీళ్లు. ఆ తేట గుంట మీద శాంతయ్య అనే కొంగ కన్ను పడింది. పాచి గుంటలో కప్పల్ని తనకంటే ముందు పాములే మింగేస్తున్నాయని వాడి ఏడుపు. నిరుడు మేత చాలక వాడి పిల్లలు ముగ్గురూ గూట్లోనే మాడి చచ్చిపోయారు మరి. ఆ కడుపుకోత ఉన్నవాడు ఎంతకైనా తెగిస్తాడు.

ఓ పొద్దున్నే ఒంటికాలి మీద నిలబడి, కప్పల పెద్ద డప్పన్నను పలకరించాడు.

"ఏం అల్లుడూ, అంత గొంతున్నవాడివి, పాముల మధ్య ఈ బతుకేంటయ్యా? పక్క గుంటలో ఒక్క పామైనా ఉందేమో చూడు."

"పాము లేదు మామా. నత్తా లేదు, పాచీ లేదు. ఏదీ బతకని నీళ్లలో మేమెట్లా బతుకుతాం?"

"పై చేలల్లో కలుపు మందూ, పురుగుల మందూ కొడతారు. ఆ నీళ్లు దిగి పాచి పోతుంది. మనుషులు ఊరికే శుభ్రం చేసిపెడుతుంటే వంకలు పెడతావేం?"

"మరి నువ్వు మమ్మల్ని తినవా?"

"తింటాను. అబద్ధమెందుకు? కానీ నాదొక్క ముక్కు. ఇక్కడ పాముల నోళ్లెన్నో నువ్వే చూసుకో."

ఆ నిజాయితీకి డప్పన్న బోల్తా పడ్డాడు. వారం తిరక్కుండా కప్పలన్నీ తేట గుంటకు మారాయి. పిల్లకప్పలు ఆ నీళ్లలోనే పెరిగాయి. శాంతయ్య తాను తిని, పెళ్లాం తెల్లమ్మకూ మోసుకెళ్లి పెట్టాడు.

మరుసటి ఏడు తొలకరి పడింది. గుంటంతా హోరెత్తాల్సిన వేళ, బొంగురుపోయిన ముసలి డప్పన్న ఒక్కడే అరుస్తున్నాడు.

"మీ కుర్రాళ్లేరీ?" అన్నాడు శాంతయ్య.

"ఉన్నారు మామా, గొంతులే రాలేదు. మగపిల్లల కడుపుల్లో గుడ్లు తయారయ్యాయి. ఆడవాళ్లు పెట్టినవేమో పిల్లలవకుండానే తెల్లబడి తేలుతున్నాయి. మా వంశం నాతో సరి." డప్పన్న వెక్కివెక్కి ఏడ్చాడు.

శాంతయ్యకు జాలి వేసింది. అయినా ఈ ఏడాదికి గడిచిపోతుందిలే అనుకుని, ఓ కప్పను ముక్కున కరుచుకుని గూటికి ఎగిరాడు.

తెల్లమ్మ గూట్లో కూర్చోలేదు, అంచున నిలబడి ఉంది. కింద పెంకుల ముక్కలు, కారిన సొన.

"మీద కూర్చుంటే చాలు, చితికిపోతున్నాయి. నాలుగు పెట్టాను, నాలుగూ ఇంతే. ఏడాదిగా నాకేం తెచ్చి పెట్టావయ్యా?"

శాంతయ్య ముక్కున ఇంకా ఆ కప్ప కొట్టుకుంటూనే ఉంది.

పాము కూడా బతకలేని నీళ్లను మంచివని నమ్మినవాడికే కాదు, నమ్మించినవాడికీ పిల్లలు మిగలరు.